పడమటి వీధి నీళ్ళు

మా గట్టుపాలెంలో ఎవరింట్లో ఎన్ని బిందెలున్నాయో, ఎవరి బిందెకి చిల్లుందో, ఎవరు పక్కింటి బిందె జరిపి తమది పెడతారో యల్లమందకి తెలుసు. ఇరవై రెండేళ్ళపాటు ఈ ఊరికి నీళ్ళు వదిలిన మనిషి ఆయన. పంచాయతీ కాగితాల్లో ఆ ఉద్యోగానికి ఇంకేదో పేరుంది గానీ మాకు మాత్రం నీళ్ళ యల్లమందే. రెంటచింతల దాటి మాచర్ల వైపు పోతుంటే ఎడమచేతి రోడ్డులో మూడు కిలోమీటర్లు లోపల ఉంటుంది మా ఊరు. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎండ ఎక్కడ ఎక్కువంటే టీవీవాళ్ళు మా మండలం పేరే చదువుతారు. అదేదో మేం సాధించిన ఘనకార్యమైనట్టు మావాళ్ళు ఆ ముక్కని ఫోన్లలో ఒకరికొకరు పంపించుకుంటారు కూడా.

నేను ఈ ఊరి బ్రాంచి పోస్టాఫీసు చూస్తాను. అందరూ పోస్టమ్మ అంటారు. యల్లమంద నాకు చుట్టమేమీ కాదు, వరసకి బాబాయ్ అని పిలుస్తాను. ఆయన గొప్పవాడని చెప్పటానికి ఇది రాయటం లేదు. పోయిన మే నెలలో ఆయన నెత్తిన పడ్డ నిందలో నాకూ వాటా ఉంది. అది ఎంత వాటానో చదివినవాళ్ళే చెప్పండి.

యల్లమంద చదువు అంతంతమాత్రం. పద్ధతి మాత్రం గట్టిది. పొద్దున్నే భుజాన వాల్వులు తిప్పే నిలువెత్తు ఇనప తాళం, చేతిలో ఒక గాజు సీసా పట్టుకుని బయల్దేరేవాడు. ట్యాంకు నుంచి మూడు లైన్లు. తూర్పు వీధికి ఒకటి, చర్చి వీధికి ఒకటి, మా పడమటి వీధికి ఒకటి. ఏ వాల్వు ఎన్ని తిప్పులు తిప్పితే ఏ వీధి చివరికి నీళ్ళు అందుతాయో ఆయన చేతికి తెలుసు. అయితే వాల్వు తిప్పగానే మమ్మల్ని పట్టుకోనిచ్చేవాడు కాదు. లైను చివర మూత తీసి, పైపులో నిలిచిన నీళ్ళన్నీ పది నిమిషాలు బయటికి పోనిచ్చేవాడు. "మొదటి నీళ్ళు పట్టమాకండి" అని అరుస్తూ వీధి పొడుగునా నడిచేవాడు. ఆ తర్వాత సీసాలో నీళ్ళు పట్టి, ఎండకి ఎత్తి చూసి, వాసన చూసి, ఒక గుక్క తాగి, అప్పుడు మూత బిగించేవాడు. పిల్లలు ఆయన వెనకే నడుస్తూ ఆ అరుపు అరిచేవాళ్ళు. కొత్త కోడళ్ళు ఇదెక్కడి చాదస్తం అని విసుక్కునేవాళ్ళు. నిలవనీళ్ళని నమ్మగూడదు అనేవాడు తప్ప ఎవరితోనూ వాదించేవాడు కాదు.

రెండేళ్ళ కిందట గుట్ట వెనక పదకొండు వందల ఎకరాల్లో సోలారు కంపెనీ దిగింది. కందులు కూడా సరిగా పండని రాళ్ళ మెట్టకి ఏటేటా కౌలు ఇస్తామనేసరికి ఊరికి యోగం పట్టిందనుకున్నాం. పట్టినమాట నిజమే. మాట్లాడుకోని అన్నదమ్ములు సంతకాల కోసం ఒక చోటికి వచ్చారు. ఒద్దికగా ఉన్న అన్నదమ్ములు గట్ల దగ్గర కొట్టుకుని మాటలు మానేశారు. ఊరికి సర్పంచి ఒకావిడ ఉంది. ఆవిడ సంతకం పెడుతుంది, పరిపాలన ఆవిడ మొగుడు సుబ్బారావు చేస్తాడు. కంపెనీకి ట్రాక్టర్లు పెట్టింది ఆయనే, ట్యాంకర్లు తోలింది ఆయనే, ఊళ్ళో ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళ ప్లాంటు తెరిచిందీ ఆయనే. ఊళ్ళో ఆయన ఆడిందే ఆట, పాడిందే పాట అయింది.

పని కోసం ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, బీహారు నుంచి ఆరువందల మంది వచ్చారు. మా ఊరి మొత్తం జనమే పదిహేను వందలు. కంపెనీ వేసిన షెడ్లు రెండువందల మందికి సరిపోయాయి. మిగతావాళ్ళని మేం పెట్టుకున్నాం. ఎక్కడ పెట్టుకున్నామంటే, గేదెల్ని అమ్మేసి కొట్టాల్లో పెట్టుకున్నాం. నేను పెంచి చెప్పటం లేదు, నా కొట్టమూ అలాంటిదే. రేకులు మార్పించి, గోడకి సున్నం కొట్టించి నలుగురికి అద్దెకిచ్చాను. గేదె పాల కంటే మనుషుల అద్దె మేలనిపించింది. ఫ్రిజ్ కొన్నాను. మరుగుదొడ్డి మాత్రం కట్టించలేదు. పడమటి వీధిలో కొట్టాలు అద్దెకిచ్చినవాళ్ళం పద్నాలుగు ఇళ్ళవాళ్ళం, ఒక్కరమూ కట్టించలేదు. ఆ మనుషులు పొద్దున్నే వీధి చివర తూము పక్కన కాలవగట్టుకి పోయేవాళ్ళు. మేం ముక్కు మూసుకుని వాళ్ళకి శుభ్రం తెలియదనేవాళ్ళం.

వాళ్ళందరికీ కలిపి మేం పెట్టిన పేరు హిందీవాళ్ళు. నా కొట్టంలో ఉన్న బుధన్ అనే కుర్రాడి ఇంటిభాష హిందీ కానే కాదని రసూల్ చెప్పాడు. రసూల్ మా ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేస్తాడు. వాళ్ళింట్లో ఉర్దూ కాబట్టి ఊరికీ వాళ్ళకీ మధ్య నోరు అతనే అయ్యాడు. మంగలిషాపు మీద హిందీ బోర్డు వచ్చింది, టీకొట్టు ముందు ఎర్రగా ఉమ్ములు వచ్చాయి, సందుకో బెల్టుషాపు వచ్చింది. మిరపకోతకి కూలీలు దొరక్క రైతులు తిట్టుకున్నారు. సంజెవేళ ఆడపిల్లల్ని కొట్టుకి పంపటం మానేశారు. ఎవరికీ ఏమీ జరగలేదు, అయినా మానేశారు. అద్దె తీసుకునేటప్పుడు నవ్వుతూ తీసుకుని, వాళ్ళు వీధిలో పోతుంటే తలుపులు వేసుకునేవాళ్ళం. ఇలాంటి ఊళ్ళో ఏదన్నా చెడు జరిగితే ఎవరి మీద పడుతుందో ముందే తెలిసిపోతుంది.

కంపెనీ లారీలు తూము మీదుగా తిరిగి తిరిగి అక్కడ రోడ్డు కుంగింది. దాని కింద, కాలవ అడుగున మా పడమటి లైను పైపు పోతుంది. నీళ్ళు వదిలినప్పుడల్లా కాలవలో బుడగలు లేస్తున్నాయని, పైపు చిట్లినట్టుందని యల్లమంద రెండుసార్లు సుబ్బారావుకి చెప్పాడు. బాగుచేయాలంటే రోడ్డు తవ్వాలి. రోడ్డు తవ్వితే రెండు రోజులు లారీలు ఆగాలి. వానలు పడ్డాక చూద్దామన్నాడు సుబ్బారావు. యల్లమంద అప్పట్నుంచి మా వీధిలో మొదటి నీళ్ళు పది నిమిషాలకి బదులు ఇరవై నిమిషాలు వదలటం మొదలుపెట్టాడు. ఎందుకో మాకు చెప్పలేదు. చెప్పినా మేం వినేవాళ్ళమని నాకు నమ్మకం లేదు.

ఏప్రిల్ దాటేసరికి బోర్లు అడుగంటాయి. పడమటి వీధికి రోజు విడిచి రోజు నీళ్ళన్నారు, అదీ అరగంట. ఒక్కో కుళాయి దగ్గర మా బిందెలు, కొట్టాలవాళ్ళ బక్కెట్లు. ఆ అరగంటలో ఇరవై నిమిషాలు యల్లమంద నేలపాలు చేస్తుంటే చూస్తూ ఎవరు ఊరుకుంటారు? ఒకరోజు ఆడవాళ్ళందరం ఆయన చుట్టూ మూగాం. అందరికంటే ముందు నోరెత్తింది నేనే. "ఆ నీళ్ళు తాగకపోతే కడుక్కోటానికన్నా పనికొస్తయ్ గదా బాబాయ్, నీ చాదస్తానికి మేం ఎండిపోవాలా?" అన్నాను. అందరూ అందుకున్నారు. ఎవరో ఆయన చేతిలో మూత లాక్కుని తామే బిగించారు. ఆ సాయంత్రం సుబ్బారావు పిలిపించి, ఇకమీదట ఒక్క చుక్క పారబోసినా తాళం పక్కన పెట్టి ఇంటికి పొమ్మన్నాడు. యల్లమందకి అరెకరం లేదు. ఆయన భార్య పిచ్చమ్మకి మోకాళ్ళు పోయి కూలికి పోవటం మానేసింది. ఆ తాళమే ఆ ఇంటికి ఆధారం.

అలా రెండు వారాలు గడిచాయి. ఒక శనివారం సాయంత్రం గాలివాన కొట్టింది. పావుగంట కురిసింది, కొట్టాలవాళ్ళు పోయే గట్టు మీదిదంతా కాలవలోకి ఈడ్చుకొచ్చింది. కాలవ తూము అంచు దాకా నిండింది. ఆదివారం మా వీధి వంతు. యల్లమంద వచ్చి వాల్వు తిప్పి, మా ఇంటి ముందు కుళాయిలో సీసా పట్టి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. మొహం చిట్లించి, ఒక్క పది నిమిషాలు ఆగమన్నాడు. నాకు చర్చికి టైమవుతోంది. "మళ్ళీ మొదలుపెట్టావా?" అని నా బిందె కుళాయి కింద తోశాను. ఆయన సీసా వంకా, నా వంకా, వెనక నిలబడ్డ ఇరవై బిందెల వంకా చూశాడు. వీధి పొడుగునా నడిచాడు గానీ ఆ రోజు ఆయన నోట్లోంచి అరుపు రాలేదు.

మా ఇంట్లో తాగేది టిన్ను నీళ్ళు. ఆ బిందెలు బట్టలకీ, అంట్లకీ. టిన్ను కొనుక్కోలేని ఇళ్ళున్నాయి, కొట్టాలున్నాయి, టిన్ను నీళ్ళకి రుచి లేదని మొండికేసే శివరామయ్య లాంటి పెద్దవాళ్ళున్నారు. వాళ్ళందరూ ఆ నీళ్ళే తాగుతున్నారని నాకు తెలియనిది కాదు. ఆ పొద్దున గుర్తు రాలేదు, అంతే.

సోమవారం మధ్యాహ్నానికి కొట్టాల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. లైను చివర ఉన్నవాళ్ళు కాబట్టి వాళ్ళకే ముందు తగిలింది. సాయంత్రానికి ఊరివాళ్ళకి అంటుకుంది. మంగళవారం బడిలో వైద్య శిబిరం పెట్టారు. బల్లల మీద మనుషులు, కిటికీ ఊచలకి సెలైను సీసాలు. చోటు చాలక కొట్టాలవాళ్ళకి కొట్టాల్లోనే ఎక్కించారు. నా గేదెని కట్టేసిన గుంజకే బుధన్ సెలైను సీసా వేలాడింది. ఇరవై రెండేళ్ళవాడు, రెండు రోజుల్లో కళ్ళు గుంటల్లోకి పోయాయి. నేను చెంబుతో టిన్ను నీళ్ళు తీసుకెళ్ళి గడప దగ్గర పెట్టి వచ్చాను. లోపలికి అడుగుపెట్టటానికి భయమేసింది. బుధవారం తెల్లారేసరికి రోగుల లెక్క ముప్ఫై ఎనిమిది. గురజాల ఆసుపత్రికి తీసుకెళ్తుంటే శివరామయ్య దారిలోనే పోయాడు.

చావు అయ్యేదాకా భయంగా ఉన్న ఊరు, చావుతో కోపంగా మారింది. హిందీవాళ్ళే రోగం తెచ్చారన్నారు. వాళ్ళకి ముందు వచ్చింది కాబట్టి వాళ్ళ నుంచే వచ్చిందన్నారు. ట్యాంకులో ఏదో కలిపారని ఇంకొకడు ఫోనులో పెట్టాడు. ట్యాంకు ఎక్కే నిచ్చెన తాళం ఎప్పుడూ యల్లమంద మొలతాడుకే ఉంటుందని ఊరందరికీ తెలుసు, అయినా ఆ మాట ఎవరూ అనలేదు. దహనం కానిచ్చి వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు మగవాళ్ళందరూ కూడారు. సాయంత్రం నాలుగింటికి కొట్టాలు ఖాళీ చేయించి, ఉన్నవాళ్ళని ఉన్నట్టు ట్రాక్టర్లలో వేసి మాచర్ల రోడ్డు మీద దించి రావాలని తేల్చారు. తేల్చింది సుబ్బారావు. తన ట్రాక్టర్లు రెండు తానే ఇస్తానన్నాడు. మూడోది శివరామయ్య కొడుకు మహేష్‌ది. శిబిరంలో నర్సు పరుగున వచ్చి, సెలైను మీదున్నవాళ్ళని ఈ ఎండలో కదిలిస్తే సగం మంది దారిలోనే పోతారని చెప్పింది. నీళ్ళ శాంపిళ్ళు తీసుకెళ్ళారు, రెండు రోజుల్లో ఫలితం వస్తుంది, అందాకా ఆగమంది. ఊరి సంగతి ఊరు చూసుకుంటుందని ఆమెని పంపించేశారు.

ఒంటిగంటకి యల్లమంద పోస్టాఫీసుకి వచ్చాడు. ఎండకి మొహం కందిపోయి ఉంది. బల్ల మీద సీసా పెట్టాడు. అడుగున నల్లటి మడ్డి, అందులో గడ్డిపరక ఒకటి.

"పడమటి లైన్లో పట్టా పోస్టమ్మా. తూము కాడ పైపు చిట్లింది. నీళ్ళు పోయేటప్పుడు బయటికి కారతది, ఆగినప్పుడు కాలవ నీళ్ళు లోపలికి దిగుతయ్. ఇన్నాళ్ళూ మొదటి నీళ్ళతో అది పారబోస్తానే ఉన్నా."

నాకు అర్థమైంది. ఆయన చెప్పకముందే సీసా చూడగానే అర్థమైంది.

ఆయన అడిగింది చిన్న పని. తహశీల్దారుకి ఒక కాగితం రాసి, ఫోను చేసి నా నోటితో చదివి వినిపించమన్నాడు. తన మాట ఆఫీసుల్లో ఎవరూ వినరని, పోస్టమ్మ చెబితే జీపన్నా వస్తుందని, జీపు వస్తే నాలుగింటి పని ఆగుతుందని అన్నాడు. కాగితం రాయాలంటే మొదటి నీళ్ళు ఎందుకు ఆపావు అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు నా వీధి, నా గొంతు. సుబ్బారావు ఇంటికి నాలుగిళ్ళ అవతల నేను బతకాలి. నా పోస్టాఫీసు ఉన్న గది కూడా ఆయనదే. ఇవన్నీ ఒక్క నిమిషంలో నా బుర్రలో తిరిగాయి. బుధన్ ఒక్కడే తిరగలేదు.

"ఫలితం రానీ బాబాయ్. రేపు చూద్దాం," అన్నాను.

"రేపటికి వాళ్ళుండరు గదా," అన్నాడు యల్లమంద.

నేను స్టాంపుల డబ్బా సర్దుతూ కూర్చున్నాను. ఆయన సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగాక తలుపులు వేసేశాను. పని వేళ ఇంకా గంట ఉంది. అవతల వీధిలో పంచాయతీ ఆఫీసు వైపు ఆయన పోవటం కిటికీలోంచి చూశాను. అక్కడ సుబ్బారావు ఏమన్నాడో తర్వాత రసూల్ చెప్పాడు. నోరు తెరిస్తే శివరామయ్య కొడుకు నిన్ను బతకనివ్వడు, నేను అడ్డం రాను అన్నాడట.

నాలుగింటికి ట్రాక్టర్లు వచ్చాయి. ఎండ ఇంకా నిప్పులు చెరుగుతూనే ఉంది. వీధికి అటూ ఇటూ నూట యాభై మందిమి నిలబడ్డాం. నేను మా అరుగు మీద ఉన్నాను. కొట్టాల్లోంచి నడవగలిగినవాళ్ళు మూటలతో వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ట్రాక్టరు ట్రక్కులు ఎక్కుతున్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా అరవలేదు. అలవాటైనవాళ్ళలా ఎక్కారు. రసూల్ ఒక్కడే నా కొట్టం గుమ్మానికి అడ్డం నిలబడి, పడుకున్నవాళ్ళని వదిలెయ్యమని అందరినీ బావా, మామా అంటూ బతిమాలుతున్నాడు. మహేష్ అతన్ని పక్కకి తోశాడు. నలుగురు బుధన్‌ని మంచంతో సహా ఎత్తారు. సెలైను సీసా ఎవరు పట్టుకోవాలో తెలియక ఒకడు దాన్ని బుధన్ గుండెల మీద పెట్టాడు. గొట్టంలోకి రక్తం ఎగదన్నింది.

అప్పుడు తూము దగ్గర గడ్డపార చప్పుడైంది. యల్లమంద మోకాళ్ళ లోతు కాలవలో నిలబడి బురద తవ్వుతున్నాడు. పిచ్చమ్మ గట్టు మీద కూర్చుని గంపతో ఆ మట్టి అందుకుని పక్కన పోస్తోంది. వచ్చే ముందు వాల్వు తిప్పి వచ్చాడేమో, మా కుళాయిలు వాటంతటవే కారటం మొదలుపెట్టాయి. మొదట అందరూ పిచ్చి పట్టిందనుకున్నారు. కాసేపటికి పైపు బయటపడింది. చిట్లిన చోట నుంచి నీళ్ళు ఊటలా ఎగజిమ్ముతున్నాయి. యల్లమంద నడుం పట్టుకుని లేచి, రసూల్‌ని పిలిచాడు. పోయి వాల్వు కట్టమన్నాడు. ఎన్ని తిప్పులో వేళ్ళతో చూపించాడు.

జనం ట్రాక్టర్లు వదిలి తూము చుట్టూ చేరారు. నేనూ వెళ్ళాను, ముందు వరసలోనే నిలబడ్డాను. సుబ్బారావు అరుస్తున్నాడు గానీ అందరూ కాలవలోకే చూస్తున్నారు. రెండు నిమిషాలకి ఊట తగ్గింది, ఆగింది. తర్వాత కాలవ నీళ్ళు ఆ చీలికలోకి దిగటం మొదలైంది. నల్లటి నీళ్ళు, గడ్డీ గాదం, నేను రాయలేని మిగతావీ గుటగుటా మింగినట్టు పైపులోకి పోతుంటే అందరం చూశాం. మా ఇళ్ళల్లోకి పోయే పైపు అది. నా పక్కనున్న ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని పక్కకి పోయి కక్కుకుంది.

"రోగం ఆళ్ళు తేలా," అన్నాడు యల్లమంద. "ఆళ్ళు తాగిందీ ఇయ్యే. ఇది నేను రోజూ పారబోసేవాణ్ణి. రెండు వారాల నుంచి పారబొయ్యలా."

మహేష్ కాలవలోకి దిగాడు. తండ్రిని తగలబెట్టి వచ్చి నాలుగు గంటలు కాలేదు, దహనానికి కట్టిన పంచె ఇంకా ఒంటి మీదే ఉంది. యల్లమంద చొక్కా పట్టుకుని ఎవరు పారబొయ్యొద్దన్నారని అడిగాడు. చెప్పకపోతే ఈ కాలవలోనే పాతేస్తానన్నాడు.

యల్లమంద తలెత్తాడు. గట్టు మీద అందరం ఉన్నాం. మూత లాక్కున్నావిడ ఉంది. సుబ్బారావు ఉన్నాడు. నేనున్నాను. ఆయన కళ్ళు నా మీద ఆగాయి. ఎంతసేపని చెప్పను, నాకు మాత్రం చాలాసేపనిపించింది. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలటం లేదు. నాకు వీలిస్తున్నాడనిపించింది. నేనే అన్నానని చెప్పటానికి రెండు మాటలు చాలు. నేను తల దించుకున్నాను.

"ఎవురూ అన్లేదు అబ్బాయ్," అన్నాడు యల్లమంద. "తాళం నా చేతిలోనే ఉంది గదా."

మహేష్ కొట్టాడు. ఒక దెబ్బ కాదు. మూడో దెబ్బకి యల్లమంద ఆ మురుగులో పడ్డాడు. పిచ్చమ్మ గట్టు మీది నుంచి జారుతూ దిగి మొగుడి మీద పడింది. మహేష్ ఆమె మీదకి లేచిన చెయ్యి దించుకుని, అక్కడే బురదలో కూలబడి నాయనా అని ఏడ్చాడు. అంత మొనగాడు అలా ఏడుస్తుంటే మగవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోయారు. కాసేపటికి తలెత్తకుండానే, ఆ మంచం లోపల పెట్టండిరా అన్నాడు. బుధన్‌ని మళ్ళీ నా కొట్టంలోకి తీసుకెళ్ళారు. ట్రక్కులెక్కినవాళ్ళని దిగమని రసూల్ వాళ్ళ భాషలో చెప్పాడు. వాళ్ళు వెంటనే దిగలేదు. మళ్ళీ ఎక్కమంటారేమోనని కాసేపు మూటలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

బుధన్ బతికాడు. కొట్టాల్లో ఒక్కరు కూడా పోలేదు. మర్నాడు పొద్దున్నే కంపెనీవాళ్ళు లారీలు ఆపి, పొద్దుగూకేలోపు పైపు మార్పించారు. నెలల తరబడి కుదరని పని. అదే పొద్దున పంచాయతీవాళ్ళు యల్లమంద ఇంటికి మనిషిని పంపి తాళం తెప్పించుకున్నారు. నిర్లక్ష్యంగా నీళ్ళు వదిలి ప్రాణం తీశాడని కాగితం రాశారు. దాని మీద సర్పంచిగారి సంతకం ఉంది. ఆ కాగితం నా పోస్టాఫీసు నుంచే రిజిస్టరు పోస్టులో పోయింది. దాని మీద ముద్ర వేసింది నేనే.

ఆ మధ్యాహ్నం ఇంక ఉండలేక వాళ్ళింటికి వెళ్ళాను. యల్లమంద లోపల నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెంప వాచి కన్ను మూసుకుపోయింది. నేను పలకరిస్తే ఊఁ అన్నాడు, ఇటు తిరగలేదు. పిచ్చమ్మ గడపలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. దారిలో కూడబలుక్కుని వచ్చిన మాటలన్నీ ఆమెకి చెప్పాను. మొదట అన్నది నేనేనని ఊరందరికీ చెబుతాననీ, తహశీల్దారుకి నా చేత్తో రాస్తాననీ, బాబాయికి తాళం మళ్ళీ ఇప్పించేదాకా ఊరుకోననీ అన్నాను. చెబుతూ ఏడ్చాను కూడా. పిచ్చమ్మ నన్ను మధ్యలో ఆపలేదు. అంతా విని, చేతుల నూనె తలకి రాసుకుంది.

"నిన్న చెప్పాల్సింది పోస్టమ్మా," అంది. "నిన్నయితే ఒక దెబ్బన్నా తగ్గేది."

నేను లేవబోయాను. ఎండన పడి వచ్చినదాన్ని అలా పంపటం మర్యాద కాదనుకుందో ఏమో, కూర్చోమని చెయ్యి ఊపి, గోడ పట్టుకుని మెల్లిగా లేచి లోపలికి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. చెంబు పట్టుకుని నేను ఒక్క క్షణం ఆగాను. ఆ ఆగటం ఆమె చూసింది.

"తాగు," అంది. "కాచినయ్యేలే."